వెదురు కర్రల మీద గుడ్లు: మూడుసార్లు మందు కొట్టినా పేను వదలని చేపల చెరువు

విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే దారికి కాస్త లోపలగా, కాలువ నీటితో సాగే చేపల చెరువులివి. పెంపకం చెరువులు మూడు, జీరో పాయింట్ పిల్లల్ని (పెంపకానికి వదిలే సైజు పిల్లల్ని) ఆపుకోవడానికి ఒకటిన్నర ఎకరం నర్సరీ. గట్లు మినహాయించి నీటి విస్తీర్ణం కొలిస్తే మొదటి చెరువు 7.2 ఎకరాలు, రెండోది 6.5, మూడోది 4. జూలైలో 120 నుంచి 150 గ్రాముల పిల్లల్ని ఎకరానికి సుమారు 2,800 లెక్కన వదిలారు. పదింట తొమ్మిది పాళ్లు శీలావతి, మిగతాది బొచ్చె. రైతు పేరు, ఊరు పేరు రాయడం లేదు. ఇది ఒక్క ఊరి సమస్య కూడా కాదు.

అక్టోబరు నెలాఖరుకి మొదటి చెరువులో చేపలు ఎగిరి పడటం, మేత సంచులు కట్టే వెదురు కర్రలకి ఒళ్లు రుద్దుకోవడం మొదలైంది. మేత సంచుల్లో తవుడు సాయంత్రానికి కూడా మిగిలిపోతోంది. పట్టి చూస్తే పేను. ఊళ్లో అందరూ పేను అనే ఈ పురుగు ఆర్గులస్. నవంబరు మొదటి వారం నుంచి డిసెంబరు రెండో వారం వరకు, ఐదు వారాల్లో, పైరెత్రాయిడ్ జాతి పురుగుమందు మూడుసార్లు కొట్టారు. కొట్టిన ప్రతిసారీ వారం, పది రోజులు బాగుండేది. తర్వాత మళ్లీ మొదటికొచ్చేది. మూడోసారి తర్వాత చేపల ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు కూడా తేలాయి. దుకాణం వాళ్లు యాంటీబయాటిక్ ఇచ్చారు, దాన్ని తవుడులో కలిపి సంచుల్లో పెట్టారు. అయినా రోజూ 30, 40 చేపలు చచ్చి తేలుతూనే ఉన్నాయి.

నాలుగోసారి ఏ మందు కొట్టాలన్నది రైతు అడిగిన ప్రశ్న. కానీ ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి: పేను ఈ చెరువులోకి ఏ దారిన వచ్చింది, మందు పడ్డాక ఎక్కడ దాక్కుని బతుకుతోంది. ఈ రెండూ తేలకుండా ఇచ్చే ఏ మందైనా పది రోజుల మందే అవుతుంది.

లెక్కపెట్టడం

పేనుని లెక్కపెట్టడంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. విసురు వల వేసి, చేపని చేత్తో ఎత్తి చూసి, రెండో మూడో ఉన్నాయంటారు. చేపని నీళ్లలోంచి ఎత్తగానే పేను వదిలేసి జారిపోతుంది, ఈదగలదు కూడా. చేతిలో ఉన్న చేప మీద కనిపించేవి మిగిలినవే. అందుకని ఒక్కో చేపని వెంటనే నీళ్లున్న తెల్ల టబ్బులోకి దించి, చేప మీద ఉన్నవీ టబ్బులో ఈదేవీ కలిపి లెక్కపెట్టాలి. రెక్కల మొదళ్లు, మొప్ప మూత వెనక, పొట్ట కింద చూడాలి. తర్వాత టబ్బు నీళ్లు మార్చి ఇంకో చేప. టబ్బు నీళ్లు చెరువులో పొయ్యకూడదు, గట్టు అవతల ఎండే నేల మీద పారబోయాలి.

చెరువుకి 30 చేపలు చొప్పున చూశాం. 30 అన్న అంకెకి కారణముంది. చెరువులో పదింట ఒక చేపకి జబ్బున్నా, 30 చేపలు చూస్తే అందులో కనీసం ఒకటైనా పట్టుబడే అవకాశం నూటికి 95 పాళ్లు. ఐదారు చేపలు చూసి చెరువు శుభ్రంగా ఉందంటే దానికి విలువ లేదు.

మొదటి చెరువులో 30కి 27 చేపలకి పేను ఉంది. మొత్తం 190, అంటే చేపకి సగటున ఆరుకి పైనే. ఒక్క శీలావతి మీదే 31 ఉన్నాయి. రెండో చెరువులో 14 చేపలకి కలిపి 41. మూడో చెరువులో ఒక్కటీ లేదు.

మూడు చెరువులకీ పిల్లలు ఒకే చోట నుంచి, ఒకే వారంలో వచ్చాయి. అయినా మూడో చెరువులో సున్నా ఎలా అన్నదే ఈ కేసుకి తాళం చెవి. తేడాలు వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి. మొదటి చెరువుకి కాలువ నీరు నేరుగా వస్తుంది. రెండో చెరువుకి మొదటి చెరువు నీరే గట్టులో వేసిన గొట్టం గుండా దిగుతుంది. మూడో చెరువు బోరు నీటితో నిండింది. రెండో తేడా, అక్టోబరు మధ్యలో బరువు చూడటానికి పిలిచిన వల జట్టు ఆ ఉదయమే వేరే ఊళ్లో చేపల పట్టుబడి చేసి, తడి వలతోనే వచ్చి మొదటి చెరువులో లాగింది. మర్నాడు అదే వల రెండో చెరువులో పడింది. చీకటి పడిందని మూడో చెరువు వదిలేశారు. మూడోది, ఒకటీ రెండూ చెరువుల్లో మేత వెదురు కర్రలకి కట్టిన సంచుల్లో వెళ్తుంది, మూడో చెరువులో తేలే గుళికల మేత చల్లుతారు, నీళ్లలో కర్రలే లేవు.

వీటిలో ఏది ఎంత కారణమని విడదీసి చెప్పడానికి ఇది ప్రయోగశాల కాదు. వల మీదా కాలువ మీదా రెండిటి మీదా అనుమానం ఉంచుకుని, రెండు దారులూ మూశాం. కర్రల సంగతి మాత్రం అనుమానం దాకా పోలేదు, కళ్లెదుటే తేలింది.

కర్ర పైకి తీస్తే

మొదటి చెరువులో 76 మేత కర్రలున్నాయి. తూముకి దగ్గరగా ఉన్న ఒక కర్రని పడవలోంచి పెకలించి, గట్టు మీద వేసి, నాచు మెల్లగా తుడిచి పది రెట్లు పెద్దగా చూపించే చేతి అద్దంతో చూశాం. నీటి మట్టానికి అడుగు కింద నుంచి మొదలై, ఎక్కడ గణుపు నున్నగా ఉందో అక్కడల్లా సన్నటి పట్టీలు. గోధుమ రంగు కలిసిన పసుపు, గోరు పొడవుకి కాస్త తక్కువ. పట్టీలో గుడ్లు రెండు మూడు వరసలుగా, ఆవగింజ కంటే బాగా చిన్నగా, ఒకదాని పక్కన ఒకటి కుట్టుపని చేసినట్టు పేర్చి ఉన్నాయి. పైన గట్టిపడిన జిగురు. గోటితో గీకితే ఊడిరాలేదు, చాకు మొన పెట్టాల్సి వచ్చింది. కొన్ని పట్టీలు ఖాళీ పెంకులు, అంటే పొదిగి పోయినవి. కొన్ని గుడ్లలో రెండు నల్ల చుక్కలు కనిపించాయి, లోపల పిల్ల పురుగు కళ్లు అవి. ఇంకో నాలుగైదు రోజుల్లో బయటికొచ్చేవే.

ఆ ఒక్క కర్ర మీద 40కి పైగా పట్టీలు లెక్కకొచ్చాయి.

ఆడపేను గుడ్లు చేప మీద పెట్టదు. చేపని వదిలి, ఈదుకుంటూ వెళ్లి, నీళ్లలో గట్టిగా ఉన్న వస్తువు వెతుక్కుని దాని మీద పెట్టి, మళ్లీ చేపని పట్టుకుంటుంది. బురద మీద పెట్టదు. మన చెరువుల అడుగు అంతా బురదే కాబట్టి దానికి దొరికేవి తూము పలకలు, తూము దగ్గరి రాళ్లు, నీళ్లలో పడ్డ సీసాలు, నత్త పెంకులు, అన్నిటికంటే ఎక్కువగా మనమే వరసగా పాతిన వెదురు కర్రలు. పైగా ఆ కర్రల దగ్గరికి రోజుకి రెండు పూటలా చేపలన్నీ వచ్చి మూగుతాయి. పిల్ల పురుగు పొదిగి బయటికి రాగానే ఎదురుగా మేత తింటున్న చేప ఉంటుంది.

మందు తప్పలేదు, మోతాదు తప్పింది

పేనుకి మందు అలవాటు పడిపోయిందన్నది రైతు అనుమానం. అది చూడటం కష్టం కాదు. వెడల్పు మూతి గాజు సీసాలు ఆరు తీసుకుని, చెరువు నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో పది పేలు వేశాం. రెండు సీసాల్లో ఏ మందూ లేదు, రెండిట్లో లేబుల్ మీద ఉన్న పూర్తి మోతాదు, రెండిట్లో చెరువులో నిజంగా పడిన మోతాదు. పేను చేప లేకుండా కొన్ని రోజులు బతకగలదు కాబట్టి మందు లేని సీసాలో చావకూడదు. చస్తే ఆ పరీక్ష చెల్లదు. ఆరు గంటలకి పూర్తి మోతాదు సీసాల్లో ఇరవైకి ఇరవై కదలిక లేకుండా పడ్డాయి. చెరువు మోతాదులో 13 పడ్డాయి, ఏడు ఈదుతూనే ఉన్నాయి.

చెరువులో మోతాదు ఎందుకు తగ్గిందంటే, ఎకరానికి ఇంత అని లెక్క కట్టి పోశారు. ఎకరం లెక్క ఒక మీటరు లోతుకి. ఒక ఎకరంలో ఒక మీటరు లోతు నీళ్లుంటే అది 4,047 ఘనపు మీటర్లు. గుర్తులు పెట్టిన గెడతో 15 చోట్ల లోతు చూస్తే మొదటి చెరువు సగటు లోతు 1.7 మీటర్లు. 7.2 ఎకరాలని 4,047తోనూ 1.7తోనూ గుణిస్తే సుమారు 49,500 ఘనపు మీటర్లు. కాగితం మీద 8 ఎకరాలని, మీటరు లోతని లెక్కేసి 32,400 ఘనపు మీటర్లకి సరిపడా మందు పోశారు. విస్తీర్ణం ఎక్కువ వేసుకున్నా, లోతు మర్చిపోవడంతో పడాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులే పడింది. ఇలా అరకొరగా మూడుసార్లు పోస్తే మిగిలిన పేలే తర్వాతి తరాన్ని కంటాయి. మందు అలవాటు పడటం అలాగే మొదలవుతుంది.

ఇక్కడ మందు మిల్లీలీటర్లు రాయకపోవడానికి కారణముంది. ఒకే మూల మందు వేరువేరు సీసాల్లో వేరువేరు శాతాల్లో వస్తుంది. పక్క రైతు చెప్పిన సీసా లెక్క మీ సీసాకి పనికిరాదు. నీటి ఘనపరిమాణం ముందు కట్టి, లేబుల్ మీద శాతం చూసి, చేపల వైద్యం తెలిసినవాళ్లతో మోతాదు రాయించుకోవాలి.

ఇంకో తప్పు రోజుల విషయంలో జరిగింది. పేను కంటికి కనిపించేదాకా ఆగి మందు కొట్టారు. కంటికి కనిపించే పేను అప్పటికే పెరిగిన పేను, గుడ్లు పెట్టడం మొదలుపెట్టేసిన పేను. అప్పుడే పొదిగిన పిల్ల మిల్లీమీటరు కూడా ఉండదు. మందు పెద్ద పేనునీ పిల్ల పేనునీ చంపుతుంది, గుడ్డుని చంపదు. గుడ్డు పొదగడానికి నీటి వేడిని బట్టి సుమారు రెండు, మూడు వారాలు. డిసెంబరు చలిలో తెల్లవారుజామున ఈ చెరువు నీరు 22, 23 డిగ్రీలు ఉంది కాబట్టి మూడు వారాల వైపే లెక్క వేసుకున్నాం. పాత గుడ్లు పొదిగి, ఆ పిల్లలు ఇంకా గుడ్లకి రాకముందే రెండో మోతాదు పడాలి. 18 రోజుల ఎడంతో మూడు మోతాదులు క్యాలెండరు మీద ముందే గుర్తుపెట్టాం. పేను కనిపించినా, కనిపించకపోయినా ఆ రోజు మందు పడాల్సిందే.

పుండ్ల సంగతి

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పుండు కనిపిస్తే ముందు తేల్చాల్సింది అది ఈయూఎస్ (ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అనే పుండ్ల జబ్బు) అవునా కాదా అని. 1988లో మన దేశంలోకి వచ్చిన ఈ జబ్బుకి మూలం కండలోకి దిగే ఒక బూజు. డ్రెయిన్లలోని కొర్రమీనుకి ముందు సోకుతుంది, చలికాలంలో చెలరేగుతుంది. పుండు అంచు నుంచి కండ ముక్క కోసి, రెండు గాజు పలకల మధ్య నొక్కి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఈయూఎస్ అయితే అడ్డుగోడలు లేని లావాటి బూజు పోగులు కనిపిస్తాయి. ఆరు చేపల్లో చూశాం, లేవు. మూత్రపిండం నుంచి తీసిన నమూనాలో ఏరోమోనాస్ హైడ్రోఫిలా పెరిగింది. అది మంచి చెరువు నీళ్లలోనూ ఉండే బ్యాక్టీరియానే. పేను సూదిలాంటి ముల్లుతో పొడిచిన చోటు దానికి తలుపు తెరిచినట్టయింది.

అందుకే యాంటీబయాటిక్ ఆపించాం. ఏ మందుకి ఆ బ్యాక్టీరియా లొంగుతుందో పరీక్ష చేయకుండా మొదలుపెట్టింది అది. పైగా తవుడు సంచిలో కలిపితే చాలా భాగం నీళ్లలోకి కరిగిపోతుంది, జబ్బు చేప అసలు సంచి దగ్గరికే రాదు. తినేది ఆరోగ్యంగా ఉన్న చేపే. మందు దాని కండలో మిగిలి, పట్టుబడి నాటికి అవశేషంగా బయటపడితే నష్టం సరుకంతటికీ. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు చేపల పెంపకంలో నిషేధం అన్నది దుకాణంలో పేరు లేని పొట్లం తీసుకునే ప్రతి రైతూ గుర్తుంచుకోవాలి. పేను తగ్గితే పుండ్లు వాటంతటవే మానతాయని అంచనా వేశాం. మొదటి చెరువులో 30కి 11 చేపలకి పుండ్లుండేవి. 24 రోజుల తర్వాత మూడింటికే ఉన్నాయి.

ఇలాంటి పరీక్షలకి ఈ ప్రాంతం రైతులు దూరం పోనక్కర్లేదు. విజయవాడ శివారు పెనమలూరు మండలంలోనే కేంద్ర మంచినీటి చేపల పెంపకం సంస్థ (సీఐఎఫ్ఏ) ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. చచ్చి తేలిన చేపని తీసుకెళ్లడం దండగ, ఎండలో గంటసేపు ఉన్నా అందులో అన్ని రకాల బ్యాక్టీరియా పెరిగిపోతుంది. బతికున్న జబ్బు చేపలు నాలుగైదు, ఆక్సిజన్ పట్టిన సంచిలో, ఏ చెరువు, ఎన్ని రోజులుగా, ఏ మందులు పడ్డాయి అని రాసిన కాగితంతో వెళ్లాలి.

మూసిన దారులు

కర్రలతో మొదలుపెట్టాం. అన్నీ ఒకేసారి తీస్తే మేత ఆగిపోతుంది. 26 కొత్త కర్రలు కొనిపించి, విడతకి 25, 26 చొప్పున పాతవి పెకలించి వాటి చోట కొత్తవి దించాం. తీసిన కర్రలని నీటికి దూరంగా సున్నం చల్లిన నేల మీద గట్టి బ్రష్‌తో గీకించాం. గీకిన చెత్త మళ్లీ చెరువులోకి జారకూడదు. తర్వాత తిప్పుతూ ఐదు రోజులు ఎండ. వేసవిలో అయితే మూడు చాలు, డిసెంబరులో పొద్దెక్కేదాకా మంచే. ఎండిన కర్రలు తర్వాతి వరసలోకి. వెదురు బదులు ప్లాస్టిక్ పైపులు వేస్తే ఈ బెడద పోదా అని అడిగారు. పోదు, పేనుకి నున్నటి ప్లాస్టిక్ ఇంకా ఇష్టం.

ఆ ఇష్టాన్నే వాడుకున్నాం. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు ప్లాస్టిక్ పలకలు ఎకరానికి నాలుగు చొప్పున, అడుగున రాయి కట్టి, నీటి మట్టానికి అడుగున్నర కింద వేలాడేలా మేత వరసల దగ్గర తాడుతో కట్టాం. ఆడపేను వచ్చి వాటి మీద గుడ్లు పెడుతుంది. ఏడో రోజున పలకని పైకి తీసి, గీకి, ఎండబెట్టి, జత పలకని దించాలి. బ్రిటన్‌లో ట్రౌట్ చేపల చెరువుల వాళ్లు ఈ పద్ధతి వాడారు. ఇక్కడి వేడికి ఏడు రోజులకి మించి ఉంచకూడదు. ఎందుకో సంక్రాంతి చూపించింది.

వల విషయంలో జట్టు మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. "వల రెండ్రోజులు ఆరబెట్టుకుంటూ కూర్చుంటే నా మనుషులకి కూలి ఎవరిస్తారండీ?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. బరువు చూడటానికి రైతే సొంతంగా చిన్న లాగుడు వల కొనుక్కున్నాడు, అది గేటు దాటి బయటికి పోదు. పట్టుబడికి వచ్చే పెద్ద వల రెండు రోజుల ముందే రావాలని, ఆ రెండు రోజులకి జట్టుకి సగం కూలి ఇస్తానని మాట్లాడుకున్నాడు. ఎండ లేని రోజుల్లో బ్లీచింగ్ తొట్టి ఉంది. 1,000 లీటర్ల నీళ్లకి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడి సుమారు 670 గ్రాములు కలిపితే 200 పీపీఎం (లీటరుకి 200 మిల్లీగ్రాముల క్లోరిన్) వస్తుంది. గంటసేపు నానబెట్టి మంచి నీళ్లతో జాడించాలి. వలకి బురద ఉండగా ముంచితే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది కాబట్టి ముందు కడగడం తప్పదు. తెరిచి ఉంచిన పాత సంచిలో బ్లీచింగ్‌కి బలం ఉండదు, వాసన ఉన్నంత మాత్రాన క్లోరిన్ ఉన్నట్టు కాదు.

మొదటి చెరువు నుంచి రెండో చెరువుకి ఉన్న గొట్టం మట్టితో పూడ్చేశారు. రెండో చెరువుకి కాలువ నుంచి విడిగా తూము పెట్టారు. కాలువ నీటికి ముందు గుర్రపుడెక్క ఆగేలా పెద్ద కన్ను వల, దాని వెనక గొట్టం మూతికి 60 మెష్ గుడ్డతో కుట్టిన 20 అడుగుల సంచి. ఆ గుడ్డ కన్ను పావు మిల్లీమీటరు, పేను పిల్ల అందులో దూరదు. గుర్రపుడెక్క వేళ్లలో నత్తలుంటాయి, ఏ గట్టి వస్తువు మీదైనా గుడ్లుండొచ్చు, అందుకే అది సంచి దాకా రాకుండా ముందే తీసెయ్యాలి. మోటారు నడుస్తున్నంతసేపూ రెండు గంటలకోసారి సంచి విప్పి కడగాలి. లేకపోతే ఉబ్బి కుట్టు దగ్గర చిరుగుతుంది.

చచ్చిన చేపలు అంతకుముందు డ్రెయిన్‌లోకి పోయేవి. ఇప్పుడు గట్టుకి దూరంగా నాలుగడుగుల గొయ్యి. చేపల మీద సున్నం, దాని మీద మట్టి. రోజూ పొద్దున్నే ఏరి, లెక్క పుస్తకంలో రాసి పూడుస్తారు. కొంగలు, నీటికాకులు వాలడం కొంత తగ్గింది.

కొత్త పిల్లలు ఇకమీదట నర్సరీలో 21 రోజులు ఆగాలి. దిగిన రోజు, పదో రోజు, ఇరవై ఒకటో రోజు 30 చేపలు చూడాలి. దించే ముందు 100 లీటర్లకి 2 నుంచి 3 కిలోల ఉప్పు కలిపిన నీళ్లలో రెండు, మూడు నిమిషాలు ముంచాలి. ఉప్పు మొప్పల పురుగుల మీద పనిచేస్తుంది. పేనుని చంపుతుందని దాని మీద భరోసా పెట్టుకోకూడదు, చాలా వరకు జారి పడేలా మాత్రం చేస్తుంది. ఆ నీళ్లూ, వ్యాన్లో వచ్చిన నీళ్లూ చెరువులో కలపకూడదు.

మేత సంచుల మీద ఎవరూ దృష్టి పెట్టరు. ఖాళీ సంచులు దుకాణానికి తిరిగెళ్లి ఇంకో రైతు దగ్గర తేలతాయి. తడి సంచి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోవడం, తడి వల పోవడం ఒకటే. సంచులకి చెరువు నంబరు రంగుతో రాయించాం. పనివాళ్లు పొద్దున్నే మూడో చెరువుతో మొదలుపెట్టి, రెండో దానికి వెళ్లి, చివర మొదటిదానికి వస్తారు. ఒకటో చెరువు పడవ ఒకటో చెరువులోనే ఉంటుంది.

మందు రోజుల్లో

పూర్తి మోతాదు పడ్డాక బొచ్చెలు వారం రోజులు మందగించాయి. ఇది ముందే ఊహించాలి. పైరెత్రాయిడ్ పేనుతో పాటు నీళ్లలోని జంతు ప్లవకాల్ని (నీళ్లలో తేలాడే అతి చిన్న జీవుల్ని) కూడా చంపుతుంది. బొచ్చెకి అవే మేత. జంతు ప్లవకాలు లేక, వాటికి ఆహారమైన పచ్చ ప్లవకం (సన్నటి నాచు) విపరీతంగా పెరుగుతుంది, పగలు ఆక్సిజన్ బాగా కనిపిస్తుంది, తెల్లవారుజామున పడిపోతుంది. రెండో మోతాదు తర్వాత నాలుగో రోజు తెల్లవారి 5 గంటలకి మొదటి చెరువులో ఆక్సిజన్ లీటరుకి 2.1 మిల్లీగ్రాములకి దిగింది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఏరేటర్లు సాయంత్రమే ఆన్ చేసి ఉండటం వల్ల పెద్ద నష్టం కాలేదు. మందు పోసేది ఎప్పుడూ పొద్దు ఎక్కి ఆక్సిజన్ 5 దాటాకే. ఒక గట్టు నుంచి పోసి వదిలెయ్యకుండా పడవ మీద చెరువంతా తిరుగుతూ నీళ్లలో కలిపి చల్లాలి. ఆ తర్వాత కొన్నాళ్లు తూము తెరవలేదు. డ్రెయిన్ కింద వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఈ జాతి మందు చేపకి ఏమీ చెయ్యని మోతాదులో కూడా రొయ్యని చంపేస్తుంది.

సంక్రాంతి వారం

జనవరి మొదటి వారానికి మొదటి చెరువులో సగటు ఆరు నుంచి ఒకటి లోపుకి వచ్చింది. రెండో చెరువులో 30 చేపలకి మూడే పేలు. ఆ ధీమాతోనే పండక్కి పనివాళ్లు ఊళ్లకి వెళ్లారు. పలకలు ఏడో రోజు తియ్యాల్సినవి పద్దెనిమిదో రోజున తీశారు. తీసిన వాటిలో సగానికి పైగా పట్టీలు ఖాళీ పెంకులే. అంటే మనం పెట్టిన పలకల మీదే గుడ్లు పొదిగి, పిల్లలు చెరువులోకి వెళ్లిపోయాయి. ఫిబ్రవరి మొదటి లెక్కలో మొదటి చెరువు సగటు మళ్లీ రెండు దాటింది. క్యాలెండరు ప్రకారం మూడో మోతాదు ఇంకా మిగిలి ఉండటం అదృష్టమే. లేకపోతే మళ్లీ నవంబరు నుంచి మొదలుపెట్టినట్టయ్యేది. పలకలు తీసే మనిషి లేని వారం వస్తే, వెళ్లే ముందే పలకలన్నీ పైకి తీసి గట్టు మీద పెట్టెయ్యమని చెప్పాం. పలక లేకపోవడం కంటే వదిలేసిన పలక ప్రమాదం.

ఇంకోటి కూడా జరిగింది. కాలువ వంతు తక్కువసేపే ఉందని, నీళ్లు త్వరగా పడాలని, మోటారు దగ్గర కుర్రాడు 60 మెష్ సంచి విప్పేసి మూడు గంటలు నేరుగా నీళ్లు పెట్టాడు. తప్పు కుర్రాడిది కాదు. ఆ సంచి మోటారు పంపే నీళ్లకి చిన్నది, మూసుకుపోతూ వెనక్కి తోస్తోంది. ఒక సంచి బదులు రెండు సంచులు పక్కపక్కన కట్టి నీళ్లు చీలేలా చేశాక మళ్లీ ఎవరూ విప్పలేదు.

మార్చి మూడో వారంలో మొదటి చెరువులో 30 చేపలకి రెండు పేలు, రెండో చెరువులో ఏమీ లేవు, మూడోది మొదట్నుంచీ సున్నానే. పలకల మీద రెండు వారాలు వరసగా గుడ్డు లేదు. మొదటి చెరువులో అక్టోబరు నుంచి చచ్చిన చేపలు పుస్తకంలో ఉన్నంతవరకు 1,140. పుస్తకం డిసెంబరులో మొదలైంది కాబట్టి అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే. పదిహేను రోజులకోసారి 30 చేపల లెక్క కొనసాగుతోంది. సగటు ఒకటి దాటితే పలకల సంఖ్య రెట్టింపు చేసి, అప్పుడు మందు సంగతి చూడాలని నియమం పెట్టుకున్నారు.

మే మొదటి వారం పట్టుబడికి వల జట్టు ముందే వచ్చింది, వల రెండు రోజులు గట్టు మీద ఎండింది. మొదట మూడో చెరువు, తర్వాత రెండోది, చివర మొదటిది. ఖాళీ అయిన చెరువులు పగుళ్లు వచ్చేదాకా ఎండబెట్టి, తూము పలకలు విప్పి గీకి, గుంటల్లో నిలిచిన నీళ్లు తోడి, ఎకరానికి 300 కిలోల సున్నం చల్లారు. లారీ మాత్రం ఐసు పెట్టెలతో, ట్రేలతో ఇంకా గట్టు దాకా వస్తోంది. ఆ ట్రేలు నిన్న ఏ చెరువు దగ్గర ఉన్నాయో ఎవరికీ తెలియదు. గేటు దగ్గరే ట్రేలు మార్చుకుని కడిగే చప్టా కట్టడానికి ఇసుక, కంకర దిగాయి.